పదకొండేళ్ల సర్వీసుకి 1,300 రూపాయల తేడా: జీతం సరిచేయించుకోడానికి మేం పడ్డ పాట్లు (నా అనుభవం)

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మాది కొత్తగూడెం దగ్గర ఊరు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోగానే 2012 ఆగస్టులో ఇక్కడ జాయినయ్యా, ఇప్పటికీ ఇక్కడే చేస్తున్నా. హాస్పిటల్ పేరు రాయట్లేదు, నేను ఇంకా అక్కడే డ్యూటీ చేస్తున్నా కాబట్టి, పైగా ఇది ఒక్క మా హాస్పిటల్లోనే జరిగేది కూడా కాదు. "అక్కా, మీ దగ్గర సీనియర్లకి జీతాలు పెంచారంట కదా, ఎలా అడిగారు, ఎవర్ని కలిశారు" అని ఈ మధ్య చాలామంది చెల్లెళ్లు ఫోన్ చేస్తున్నారు, ఒక్కొక్కళ్లకి నైట్ డ్యూటీ దిగాక నిద్రమత్తులో చెప్తుంటే సగం మర్చిపోతున్నా, అందుకే మొత్తం రాసేస్తున్నా.

2024 ఫిబ్రవరి, నైట్ డ్యూటీ. ఆరో బెడ్‌లో సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం) పేషెంట్, వెంటిలేటర్ మీద ఉన్నాడు, నారాడ్ (బీపీ నిలబెట్టే మందు) సిరంజి పంపులో గంటకి 12 ఎంఎల్ వెళ్తోంది. ఆ బెడ్ డ్యూటీ కొత్తగా జాయినయిన అమ్మాయిది, వేరే హాస్పిటల్లో ఒక ఏడాది చేసి వచ్చింది, మంచి పిల్ల, చురుకైంది. సిరంజి అయిపోతోందని పంపు బీప్ కొడితే పాత సిరంజి తీసేసి, కొత్తది కలపడానికి ట్రాలీ దగ్గరికి వెళ్లింది. ఆ రెండు నిమిషాల్లో ఆర్ట్ లైన్ (రక్తనాళంలో పెట్టి క్షణక్షణం బీపీ చూసే లైన్) మీద బీపీ 110 నుంచి 60కి పడిపోయింది. నేను ఎనిమిదో బెడ్ దగ్గర సక్షన్ చేస్తున్నా, అలారం వినగానే తిరిగి చూసేసరికి ఆ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి, బోలస్ బటన్ (మందు ఒక్కసారిగా ఎక్కువ పంపేది) మీదకి వేలు వెళ్తోంది. "ఆగు, నొక్కకు" అని అరిచా. కంగారులో బోలస్ నొక్కితే అదే బీపీ రెండొందలు దాటిపోతుంది, మెదడులో రక్తం చిట్లినా చిట్లొచ్చు. సిరంజి లోడ్ చేసి పాత రేటులోనే పెట్టి, డాక్టర్‌ని పిలిచి, పక్కనే నిలబడ్డాం, నాలుగైదు నిమిషాలకి బీపీ మళ్లీ లేచింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పా, నారాడ్ ఎప్పుడూ అయిపోయేదాకా ఆగకూడదమ్మా, ఇంకా అయిదు ఎంఎల్ ఉండగానే రెండో పంపులో కొత్త సిరంజి పెట్టి స్టార్ట్ చేసేయాలి, కొత్తది అందుకుని బీపీ కాస్త పైకి కదలడం కంటితో చూశాకే పాతది మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి అని. ఇది నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు, జాయినయిన కొత్తలో మా సీనియర్ అక్క ఒకావిడ నా చెయ్యి పట్టుకుని నేర్పింది.

తెల్లవారుజామున నాలుగింటికి టీ తాగుతుంటే అదే అమ్మాయి ఫోన్ తెచ్చి "అక్కా, నాకు పీఎఫ్ ఎందుకింత కట్ అయిందో చూడవా" అంది. మొదటి పేస్లిప్ అది. పీఎఫ్ లైన్ చూసేలోపే పైన గ్రాస్ (కటింగులకి ముందు మొత్తం జీతం) కనబడింది. 22,500.

నా గ్రాస్ అప్పటికి 23,800.

ఏం మాట్లాడకుండా పీఎఫ్ బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద 12 శాతం అని చెప్పి ఫోన్ ఇచ్చేశా. ఆ రోజు పొద్దున బస్సులో కూర్చుని ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశా. ఇద్దరి సర్వీసుకి పదిన్నరేళ్ల తేడా, జీతానికి 1,300 తేడా. భాగిస్తే ఏడాదికి 124 రూపాయలు. నేను కోవిడ్ వార్డులో పీపీఈ కిట్ వేసుకుని నీళ్లు కూడా తాగకుండా చేసిన ఏడాది ఉంది కదా, దానికీ 124 రూపాయలే. ఆ ఏడాదైతే అసలు ఇంక్రిమెంటే వేయలేదు. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు, మా ఆయన ఏమైంది అంటే చెప్పడానికి కూడా సిగ్గేసింది, ఎందుకు సిగ్గేసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు, తప్పు నాది కానే కాదు కదా.

నిజం చెప్పాలంటే రెండు మూడు రోజులు ఆ అమ్మాయితో సరిగ్గా మాట్లాడలేదు. అది తప్పే. తనకిచ్చే 22,500 కూడా ఆ పనికి తక్కువే, ఆ పిల్లకి ఎక్కువ ఇచ్చారని కాదు మా బాధ, మాకు ఇవ్వలేదని. తర్వాత నేనే వెళ్లి సారీ చెప్పా.

అసలు కొత్తవాళ్ల జీతం ఒక్కసారిగా ఎందుకు పెరిగిందంటే, దానికి వెనక కథ ఉంది. 2022 డిసెంబర్లో మన తెలంగాణలో మెడికల్ బోర్డు 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది, తర్వాత వాటిని 7,094 చేశారు. 2023 ఆగస్టు 2న ఎగ్జామ్ జరిగింది, నేనూ రాశా. 80 మార్కులు పరీక్షకి, మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టులోనో అవుట్‌సోర్సింగ్‌లోనో చేసిన సర్వీసుకి. ప్రైవేటులో ఎన్నేళ్లు చేసినా ఆ ఇరవైలో సున్నా. గవర్నమెంట్లో కాంట్రాక్టు మీద ఏళ్లకేళ్లు కష్టపడ్డవాళ్లకి ఆ మార్కులు రావాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను, కాకపోతే నా పదకొండేళ్లు అక్కడా లెక్కలోకి రాలేదు, ఇక్కడా రాలేదు అన్నదే నా గోడు. నాకు రాలేదు. మా ఐసీయూ నుంచి నలుగురికి వచ్చింది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చారు, నలుగురూ నెల తిరక్కుండా వెళ్లిపోయారు. స్టార్టింగ్ బేసిక్కే 36,750 మరి, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ, ఎవరు ఆగుతారు. సిటీలో ప్రైవేటు హాస్పిటళ్లన్నీ ఒకేసారి మనుషుల కోసం వెతుక్కోవడంతో కొత్తవాళ్లకిచ్చే రేటు పెంచేశారు. బయటి నుంచి వచ్చేవాళ్లకి మార్కెట్ రేటు, లోపల ఉన్నవాళ్లకి మాత్రం పాత బేసిక్ మీద ఏటా వెయ్యో పదిహేను వందలో. నేను 9,000తో జాయినయ్యా, పది ఇంక్రిమెంట్లకి 23,800 అయింది. అసలు మొదలే తక్కువైతే దాని మీద ఎన్ని శాతాలు వేసినా ఎక్కడికి చేరతాం?

ముందు మా ఇన్‌చార్జి మేడమ్‌కి చెప్పా. ఆవిడ పాపం మంచిదే, "నాక్కూడా అంతేనమ్మా" అంది. హెచ్ఆర్‌కి వెళ్తే ఆ సారు మొదట అడిగిన మాట "ఇంకొకరి జీతం నీకెలా తెలిసింది" అని. ఆఫర్ లెటర్లో జీతం ఎవరికీ చెప్పకూడదని రాసుంటుంది, ఎవరు చూపించారో చెప్పమన్నాడు. నేను ఆ అమ్మాయి పేరు చెప్పలేదు. "మీరు కొత్తవాళ్లకి ఇస్తున్న రేటు బయట వాకిన్ ఇంటర్వ్యూల్లో అందరికీ తెలుసు సార్, నేను అడిగేది నా జీతం గురించి" అన్నా. చూద్దాం లే అన్నాడు. నెల గడిచింది.

అప్పుడు అర్థమైంది, ఒక్కదాన్నే వెళ్తే అది నా సొంత కంప్లైంట్ అయిపోతుందని. ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నా. జాయినయిన నెల, జాయినింగ్ జీతం, ఇప్పటి గ్రాస్, ఇప్పటి బేసిక్, నాలుగు గళ్లు గీశా. పేర్లు రాయలేదు, ఫ్లోర్ మాత్రం రాశా. అయిదేళ్లు దాటినవాళ్లని డ్యూటీ మారేటప్పుడు, హాస్టల్లో, క్యాంటీన్లో ఒక్కొక్కళ్లనీ అడిగా. ఇది చాలా కష్టమైన పని, ముందే చెప్తున్నా. జీతం చెప్పడం అంటే మనవాళ్లకి ఏదో పరువు పోయినట్టు ఉంటుంది. ఒకావిడ రెండు వేలు ఎక్కువ చేసి చెప్పింది, తర్వాత ఏడ్చుకుంటూ వచ్చి అసలు అంకె చెప్పింది. కొందరు అసలు చెప్పనేలేదు, వాళ్ల భయం వాళ్లది, ఇంటి లోన్లు ఉన్నాయి, పిల్లల ఫీజులు ఉన్నాయి, వాళ్లని ఒక్క మాట అనలేదు. చివరికి 31 మంది వివరాలు వచ్చాయి.

అది చూశాక నా కేసు చిన్నదనిపించింది. వార్డులో ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న అక్కకి 20,200, అదే వార్డులో కొత్తగా వచ్చిన అమ్మాయికి 20,500. అంటే ఎనిమిదేళ్ల తర్వాత ఆవిడ మొన్న వచ్చిన పిల్ల కన్నా 300 తక్కువ, ఆ పిల్లకి ఐవీ లైన్ పెట్టడం నేర్పేది మాత్రం ఆవిడే! పదహారేళ్ల సీనియర్ అక్కకి 25,900.

లెటర్ రాసే ముందు కొంచెం చదువుకున్నాం. మా ఐసీయూలో ఒక మలయాళీ సిస్టర్ ఉంది, తనకి ఇవన్నీ బాగా తెలుసు. వాళ్ల కేరళలో నర్సులు ఏళ్ల తరబడి సమ్మెలు చేసి, కోర్టుల చుట్టూ తిరిగి 2018లో ప్రైవేటు హాస్పిటళ్లలో కనీసం 20,000 ఇవ్వాలని ప్రభుత్వంతో నోటిఫికేషన్ ఇప్పించుకున్నారు. 2018లో! ఆ ఏడాది నా జీతం ఎంతో గుర్తు చేసుకుంటే కడుపు తరుక్కుపోయింది. ఇంకోటి, 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ ఏం చెప్పిందంటే 200 బెడ్లు దాటిన హాస్పిటల్లో నర్సుకి ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి, 100 నుంచి 200 బెడ్లయితే 10 శాతానికి మించి తక్కువ ఉండకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపు అయినా సరే 20,000 తగ్గకూడదు. మాది 200 దాటిన హాస్పిటల్. అంటే కమిటీ లెక్కన మా స్టార్టింగే గవర్నమెంట్ వాళ్లతో సమానం కావాలి. ఇది సిఫారసే, రాష్ట్రాలు చట్టంగా తెస్తేనే అమలవుతుంది, హెచ్ఆర్ సారు కూడా సరిగ్గా అదే అన్నాడు. అయినా లెటర్లో రాశాం. మేమేదో గొంతెమ్మ కోరికలు కోరట్లేదని పైవాళ్లకి తెలియాలి కదా.

లెటర్ ఒకటిన్నర పేజీ. మూడు సార్లు రాశాం. మొదటిసారి అంతా ఆవేశమే, మలయాళీ సిస్టర్ చదివి "ఇందులో అంకెలేవీ" అంది. రెండోసారి మరీ వేడుకుంటున్నట్టు వచ్చింది. మూడోసారి పట్టిక పెట్టి, కింద ఒకే ఒక్క డిమాండ్ రాశాం: కొత్తగా చేరేవాళ్ల జీతాన్ని బేస్‌గా తీసుకుని, పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 700 రూపాయలు కలిపి సీనియర్ల జీతాలు ఫిక్స్ చేయాలి, అదంతా బేసిక్‌లో కలపాలి. 27 మంది సంతకాలు పెట్టారు, మిగతా నలుగురు వెనక్కి తగ్గారు. సంతకాలు లైనుగా కాకుండా గుండ్రంగా పెట్టించాం, మొదట ఎవరు పెట్టారో తెలియకుండా, ఇది ఎవరి ఐడియానో గుర్తులేదు గానీ చాలా పనికొచ్చింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఇచ్చి ఇంకో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాం. దయచేసి ఈ స్టాంపు మాత్రం మర్చిపోవద్దు, నోటిమాటకి అక్కడ విలువ లేదు.

ఏప్రిల్ వచ్చింది, ఇంక్రిమెంట్లు ఆపేశారు. మీ విషయం తేలాకే అన్నారు. లెటర్లో సంతకం పెట్టనివాళ్లకి కూడా ఆపేశారు, దాంతో వాళ్లంతా మా మీద పడ్డారు. "మీ వల్లే మా ఇంక్రిమెంట్ పోయింది" అని క్యాంటీన్లో మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఆ నెల నాకు నైట్లు వరసగా ఎక్కువ పడ్డాయి, ఆఫ్ అడిగితే దొరకలేదు, కావాలనే చేశారా అంటే నిరూపించలేను, కానీ రోస్టర్ ఫోటోలు నా దగ్గర ఉన్నాయి.

మేలో మొదటి మీటింగ్. అయిదుగురం వెళ్లాం, నైట్ దిగి అలాగే యూనిఫాంతో. హెచ్ఆర్ సారు, నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్, ఫైనాన్స్ నుంచి ఇంకొకాయన. వాళ్లు పెట్టింది, నర్సులందరికీ 8 శాతం హైక్. పైకి వింటే మంచిగానే ఉంటుంది, మాలో ఒకమ్మాయి తల ఊపేసింది కూడా. నేను నోట్‌బుక్ తీసి అక్కడే లెక్క చేసి చూపించా. 23,800 మీద 8 శాతం అంటే 1,904, కొత్తమ్మాయి 22,500 మీద 1,800. మా ఇద్దరి మధ్య తేడా 1,300 నుంచి 1,404 అవుతుంది. నూట నాలుగు రూపాయలు పెరిగింది సార్, మేము అడిగింది ఇదా అన్నా. ఫైనాన్స్ ఆయన ఆ పేజీ తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు, కానీ తర్వాత మాకు అంతో ఇంతో ఒరిగిందంటే ఆ పేజీ వల్లే అని నా నమ్మకం.

రెండో మీటింగ్‌లో వేరే ఎర వేశారు, అయిదేళ్లు దాటినవాళ్లకి 10,000 రిటెన్షన్ బోనస్, ఒక ఏడాది బాండ్. ఒక్కసారిగా పదివేలు అంటే మనలాంటి ఇళ్లలో చిన్న మాట కాదు, జూన్‌లో స్కూల్ ఫీజుల టైం అది. కొందరు తీసుకుందామన్నారు. నాకు మాత్రం బాండ్ అనే మాట వింటేనే పడదు, 2012లో రెండేళ్ల బాండ్ పెట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచేసుకున్నారు, మా నాన్నకి బాగోలేనప్పుడు ఊళ్లో ఉద్యోగం చూసుకుందామన్నా కదల్లేకపోయా. ఆ సంగతి అందరికీ చెప్పా. పదివేలు ఒక్కసారి వస్తుంది, బేసిక్ పెరిగితే ప్రతి నెలా వస్తుంది, పీఎఫ్ పెరుగుతుంది, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకి ఇచ్చే డబ్బు) పెరుగుతుంది. వద్దన్నాం.

మూడో మీటింగ్‌లో మా సీనియర్ అక్క మాట్లాడింది, పదహారేళ్ల ఆవిడ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "సార్, కొత్తమ్మాయికి మూడు నెలలు నేర్పించాలి, ఆ మూడు నెలలు ఆమె పేషెంట్లని కూడా మేమే చూసుకుంటాం. నేర్పేవాళ్లు వెళ్లిపోతే ఎవరు నేర్పుతారు, మీరొచ్చి నేర్పుతారా" అంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

జూలై నుంచి అమలు చేస్తూ సర్క్యులర్ ఇచ్చారు. కొత్తవాళ్ల స్టార్టింగ్ బేస్, మొదటి ఏడాది వదిలేసి ఆ పైన పూర్తయిన ప్రతి ఏడాదికి 450, సర్వీస్ వెయిటేజ్ అని పేరు పెట్టారు. మేము అడిగింది 700. పదేళ్ల దగ్గర సీలింగ్ పెట్టారు, అంటే ఎంత సర్వీసున్నా పదేళ్లకే లెక్క. సగం బేసిక్‌లో, సగం అలవెన్స్‌గా. ఏప్రిల్ ఇంక్రిమెంట్ ఇందులోనే కలిసిపోయింది, అరియర్స్ లేవు.

నాకు 26,550 అయింది, అంటే 2,750 పెరిగింది. అలవెన్స్‌లో పెడితే ఏం పోయిందో కూడా చెప్తా, చాలామంది చేతికి ఎంతొస్తోందనే చూస్తారు. 2024లో ఉన్న రూలు ప్రకారం గ్రాట్యుటీకి చివరి బేసిక్‌ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించేవారు, డీఏ ఉంటే అదీ కలిపేవారు. మొత్తం 2,750 బేసిక్‌లో కలిపి ఉంటే నా పన్నెండేళ్లకి గ్రాట్యుటీ ఆ లెక్కన 19 వేల పైన పెరిగేది, సగమే కలపడంతో పెరిగింది అందులో సగమే. ఆఫర్ లెటర్ చూసుకునేటప్పుడు గ్రాస్ కాదు, బేసిక్ ఎంతో చూడండి.

వార్డు అక్కకి 20,200 నుంచి 23,650 అయింది. ఆవిడ సంతోషపడుతుందనుకుంటే భయపడింది. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ (తక్కువ జీతాలవాళ్లకి ఉండే ప్రభుత్వ వైద్య బీమా) పోతుంది కదా, వాళ్ల అమ్మకి షుగర్, బీపీ మందులన్నీ ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే. "నాకు వద్దులేవే ఈ పెంపు" అంది ఒకరోజు, నాకు ఏడుపొచ్చింది. వెళ్లి కనుక్కుంటే తెలిసింది, మధ్యలో జీతం పెరిగినా ఆ ఆర్నెల్ల పీరియడ్ అయ్యేదాకా, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కాంట్రిబ్యూషన్ కట్ అవుతూనే ఉంటుంది, ఆ ఆర్నెల్లకి కట్టినదానికి వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ దాకా బెనిఫిట్ ఉంటుంది. అంటే వెంటనే పోదు, వేరే ఇన్సూరెన్స్ చూసుకోడానికి టైం దొరికింది. హైక్ ఏప్రిల్ 1 నుంచే ఇచ్చి ఉంటే ఆ ఆర్నెల్లు దొరికేవి కాదు. 20 వేల దగ్గర్లో ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి, తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉంటే ఇంకా ముఖ్యం.

ఆ రోజు నారాడ్ సిరంజి దగ్గర కంగారుపడ్డ అమ్మాయి ఇప్పుడు నైట్‌లో రెండు వెంటిలేటర్ బెడ్లు ధైర్యంగా చూసుకుంటుంది. సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంటోంది, అందులో బీ2 లెవెల్ పాసయితే జర్మనీ వెళ్లిపోతానంటోంది, వెళ్లాలనే నేనూ చెప్పా. 2025లో తన పేస్లిప్‌లో మొదటిసారి సర్వీస్ వెయిటేజ్ అని 450 లైన్ వచ్చింది, అది ఫోటో తీసి నాకే ముందు పంపింది.

ఇంకా తేలనిది మా సీనియర్ అక్క విషయం. పదేళ్ల సీలింగ్ వల్ల ఆవిడకీ 26,550, నాకూ 26,550. ఆవిడకి పెరిగింది 650 రూపాయలు. మూడో మీటింగ్‌లో ఆవిడ ఆ మాట అనకపోతే మాకెవరికీ ఏమీ వచ్చేది కాదు. నాకు రెండో పంపు పెట్టడం నేర్పిన అక్క కూడా ఆవిడే. సీలింగ్ తీసేయాలని రెండో లెటర్ రాశాం, ఈసారి 44 మంది సంతకాలు, పోయినసారి వెనక్కి తగ్గిన నలుగురూ పెట్టారు. ఈసారి గుండ్రంగా పెట్టలేదు, లైనుగానే పెట్టాం, మొదటి సంతకం అక్క చేత చేయించి. స్టాంపు పడిన కాపీ నా లాకర్లో, ఆ నోట్‌బుక్‌లోనే ఉంది.